ఒక వేలు తక్కువ

పోయినవారం నేను చెప్పడం ఆపిన చోట ఫైనల్లో రెండో రౌండు అయిపోయింది. బోర్డు మీద ఎర్ర బంతులకి నాలుగు పాయింట్లు, నీలం బంతులకి ఒకటి. నేనేమో హాలు మధ్యలో కొలత టేపు పట్టుకుని కొయ్యబారి నిలబడ్డాను. కారణం, గోడవారగా ఉన్న ఒక గాజు తలుపుల బీరువా.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాను. నేను దర్జీని. జాకెట్లు, యూనిఫారాలు కుడతాను. సెలవురోజుల్లో ఈ హాల్లో చక్రాల కుర్చీల్లో కూర్చుని ఆడేవాళ్ళ బంతులాటకి జీతం లేని రిఫరీని. మూడేళ్ళ కిందట "కొలతలు తీసేవాళ్ళు కావాలి" అని ఎవరో అంటే, కొలవడమేగా అని వచ్చి ఇరుక్కుపోయాను. ఆట చెప్పడానికి తేలిక. ముందు ఒక తెల్లబంతిని దొర్లిస్తారు. ఒకరికి ఆరు ఎర్రవి, ఇంకొకరికి ఆరు నీలంవి. ఎవరి బంతి తెల్లదానికి దగ్గరగా ఆగితే ఆ రౌండు వాళ్ళది, అవతలివాళ్ళ బంతులకంటే దగ్గరగా ఎన్ని చేరితే అన్ని పాయింట్లు. ఇలా నాలుగు రౌండ్లు. చేతులు స్వాధీనంలో లేనివాళ్ళ కోసం వాలుగా ఉండే ర్యాంపు ఒకటి ఉంటుంది. బంతి దాని మీంచి జారుతుంది. ఆ ర్యాంపును జరపడానికి ఒక సహాయకుడు ఉంటాడు. అతనికి కట్టుబాటు ఒక్కటే. ఆడేవాళ్ళ వైపు తిరిగి, ఆటకి వీపుపెట్టి కూర్చోవాలి. వెనక్కి చూడకూడదు, చెప్పింది తప్ప చెయ్యకూడదు.

ఎర్ర బంతులు గురివి. ఇరవై రెండేళ్ళ పిల్ల. హాల్లో అందరం అలాగే పిలుస్తాం, ఎందుకో ఆట చూస్తే తెలుస్తుంది. మెడ కింద ఒళ్ళు ఆమె మాట వినదు. మాట కూడా ఒక్కో ముక్కే పైకొస్తుంది. తలకి కట్టిన కడ్డీతో ర్యాంపు మీద బంతిని ఆపి పట్టుకుని, తల ఎత్తి వదులుతుంది. సహాయకుడు వాళ్ళ నాన్న, ఇరవయ్యారేళ్ళు బస్సు నడిపిన డ్రైవర్ గారు. వాళ్ళది వేళ్ళ లెక్క. "ఎడమ రెండు" అందంటే ర్యాంపు మూతిని రెండు వేళ్ళ మందం ఎడమకి జరపాలని. ర్యాంపు దగ్గర వేలెడు తేడా వస్తే అవతలికి చేరేసరికి అది జానెడవుతుంది. ఈ ఫైనల్ గెలిచినవాళ్ళకి దేశం జట్టులో మిగిలిన ఒకే ఒక్క చోటు దక్కుతుంది. గురి ఐదేళ్ళుగా ఎదురుచూస్తున్నది దానికోసమే.

డ్రైవర్ గారికి ఒక అలవాటుంది. టీ తాగుతున్నా, మాట్లాడుతున్నా, నాలుగు క్షణాలకోసారి తల కొద్దిగా ఎత్తి కుడివైపు పైకి చూస్తాడు. బస్సులో అద్దం ఉండే చోటది. "రిటైరయ్యారండీ, ఇంక దిగండి" అని నేనే ఎన్నోసార్లు ఆటపట్టించాను. అందుకే ఆట మధ్యలో ఆయన కళ్ళు పైకి లేచినా పట్టించుకోలేదు.

కానీ నావి దర్జీ కళ్ళు. గుడ్డ అరంగుళం అటూ ఇటూ అయితే నాకు నిద్ర పట్టదు. రెండో రౌండులో గురి "ఎడమ రెండు" అంది. ఆయన మూడు వేళ్ళు జరిపాడు. వేళ్ళు లావేమో అనుకున్నాను. మళ్ళీ "కుడి ఒకటి" అంది. రెండు జరిగింది. బంతి వెళ్ళి తెల్లదాన్ని ముద్దు పెట్టుకుంది. చప్పట్లు మోగాయి. నేను మాత్రం మెల్లగా నడిచి ఆయన తల వెనకాల నిలబడి, ఆయన కళ్ళు ఎక్కడికి లేస్తున్నాయో అక్కడికి చూశాను. గురి కుర్చీ వెనక గోడకి కప్పులూ షీల్డులూ పెట్టే బీరువా ఉంది. దాని గాజు తలుపులో తెల్లబంతి, ఎర్ర బంతులు, నీలం బంతులు, మొత్తం ఆటంతా కనిపిస్తోంది.

నా గుండె గుభేలుమంది. అందులో సగం ఆయన్ని చూసి. మిగతా సగం ఎందుకంటే, పొద్దున్నే ఆ గాజుకి పట్టిన దుమ్ము చూసి, వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారో అని తడిగుడ్డతో తళతళా మెరిసేట్టు తుడిచింది నేనే. ఆ చేత్తోనే తనిఖీ కాగితంలో "హాల్లో అద్దాలు, మెరిసే వస్తువులు లేవు" అన్న చోట టిక్కు కొట్టి సంతకం పెట్టిందీ నేనే. బీరువాని బీరువాగానే చూశాను తప్ప అద్దంగా చూడలేదు. పరాకుకి ఇంతకంటే పెద్ద బహుమతి ఉండదు.

ఇక్కడి నుంచి ఈ వారం.

రిఫరీ కంటపడ్డ తప్పును అక్కడికక్కడే చెప్పాలి. తెలిసి చూశాడని తేలితే ఈ ఆటే కాదు, ఈ పోటీలో గురి గెలిచిన ఐదాటలూ రద్దవుతాయి. నోరు తెరిచాను. గురి నన్నే చూస్తోంది. చెమటతో నుదుటికి అతుక్కున్న జుట్టు, సగం నవ్వు. నోరు మూసుకున్నాను. స్కోరు బల్ల మీద పరిచిన పచ్చ గుడ్డ లాగి, బల్ల వెనక కూర్చున్న చీఫ్ రిఫరీ పెద్దాయనతో "ఎండ గాజు మీద పడి కళ్ళలో కొడుతోందండీ" అని అబద్ధం చెప్పి, బీరువాకి దుప్పటి కప్పినట్టు కప్పేశాను.

వెనక్కి తిరిగేసరికి డ్రైవర్ గారు నన్నే చూస్తున్నాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు. ఆ కాసేపట్లో మా ఇద్దరికీ ఒకరి దొంగతనం ఒకరికి తెలిసిపోయింది. వీపు ఆటవైపే ఉందిగాని, భుజాలు మాత్రం అరవయ్యేళ్ళు దాటిన మనిషివని అప్పుడే కనిపించాయి. గురి ఇదేమీ చూడలేదు. బీరువా ఆమె వీపు వెనక ఉంది.

మూడో రౌండు మొదలైంది. నీలం బంతులవైపు లెక్కల మాస్టారు. కండరాలు కరిగిపోయే జబ్బున్నా నోరు మాత్రం కరగలేదని ఆయనే చెప్పుకుంటాడు. ర్యాంపు జరిపేది వాళ్ళావిడ. "ఇంట్లో నా మాట వినదు, ఇక్కడ రూలు పుణ్యమా అని వింటోంది" అంటూ ఆయన తెల్లబంతి పక్కనే నీలం ఒకటి ఆపాడు.

గురి వంతు. నేను కుర్చీ వెనక నిలబడి కంటితో కొలిచాను. ఎడమకి మూడు వేళ్ళు కావాలి. గురి తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన కళ్ళు అలవాటుగా పైకి లేచాయి. "ఎడమ... రెండు," అంది. ఆయన రెండే జరిపాడు. బంతి జానెడు పక్కకి పోయి ఆగింది.

గురి నేలవైపు చూసింది, నేలలో ఏదో లోపమున్నట్టు. రెండో బంతికి కుడివైపు నుంచి నీలాన్ని నెట్టాలి. నా కొలతలో నాలుగు. ఆమె "కుడి మూడు" అంది. ఆయన మూడే జరిపాడు. బంతి మళ్ళీ జానెడు ఇవతలే ఉండిపోయింది. మూడోదీ అంతే. చూస్తున్నవాళ్ళు గుసగుసలాడుతున్నారు. డ్రైవర్ గారు అన్నది నిజమే కాబోలు అనుకున్నాను. కిందటి నెల టీ కొట్టు దగ్గర ఆయన నాతో "నేను లేకపోతే దానికి గురి లేదమ్మా" అన్నాడు. తండ్రి గర్వం అనుకున్నాను అప్పుడు. ఇప్పుడర్థమైంది, ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడన్నమాట. గాజు లేకపోతే ఈ పిల్లకి ఆట లేదు. నేను గుడ్డ కప్పి, మర్యాదగా ఆమె గొంతు కోశాను.

నాలుగో బంతికి గురి ఆగిపోయింది. గడియారం నడుస్తోంది. ఆమె బంతినీ చూడడం లేదు, తెల్లదాన్నీ చూడడం లేదు. తండ్రి కళ్ళలోకే చూస్తోంది. ఆ కళ్ళు పైకి లేచాయి, ఏమీ దొరక్క కిందికి దిగాయి. మళ్ళీ లేచాయి, దిగాయి. గురి మెడ మెల్లగా నిటారైంది.

"ఎడమ... నాలుగు."

నా కొలతలోనూ నాలుగే. ఆయన నాలుగు జరిపాడు. బంతి నూలు పట్టినట్టు వెళ్ళి నీలాన్ని కొట్టింది. ఐదోదానికి "కుడి రెండు" అంది. రెండే కావాలి. తగిలింది. ఆరోదీ తగిలింది. అప్పటికే మాస్టారు మూడు నీలాలు తెల్లదానికి ఆనించేశాడు కాబట్టి రౌండు ఆయనదే. నాలుగూ నాలుగూ సమానం అని చీఫ్ రిఫరీ అరిచాడు. నాకు ఆ అరుపు ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

ఎందుకంటే అప్పటికి నాకు లెక్క అందింది. జాకెట్టు కత్తిరించేటప్పుడు కుట్టులోకి పోతుందని తెలిసి అంచున అరంగుళం వదులుతాం చూశారా, ఈ పిల్ల అలా వదులుతోంది. మూడు కావాలంటే రెండంటోంది, నాన్న ఒకటి కలుపుతాడని తెలిసి. ఆయన కళ్ళు ఎప్పుడు పైకి లేస్తే అప్పుడు ఒకటి తగ్గించి చెబుతోంది. గాజు మూతపడగానే ఆయన కలపడం ఆగింది. ఆ సంగతి తెలియక మూడు బంతులు పోగొట్టుకుంది. తెలిసిన మరుక్షణం పూర్తి లెక్క చెప్పింది. నా చేతిలోంచి టేపు జారి కింద పడింది. వంగి తీసి మెడలో వేసుకున్నాను.

రౌండుకీ రౌండుకీ మధ్య కాస్త వ్యవధి ఉంటుంది. గురి నన్ను పిలిచింది. "అక్కా... వెనక... ఏం కప్పావ్?"

"బీరువా," అన్నాను.

"అద్దమా?"

తల ఊపాను. గురి నవ్వింది. అంత హాయిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది.

"నాన్నా... నాకు తెలుసు. మూడేళ్ళు."

డ్రైవర్ గారు ర్యాంపు మీంచి చేతులు తీశాడు. "ఏం తెలుసు తల్లీ?"

"నువ్వు చూస్తావ్. చూస్తే... ఒకటి కలుపుతావ్. అందుకే... ఒకటి తగ్గించి... చెప్తా."

"కాదమ్మా," అన్నాడు ఆయన, అర్థంకాని పిల్లకి దారి చెబుతున్నట్టు. "నువ్వు తక్కువ చెప్పేదానివి. నా కళ్ళారా చూశానుగా. ప్రతిసారీ సరిగ్గా ఒక వేలు తక్కువ. నేను కలపబట్టే తగిలేది. టైలరమ్మా, మీరు కూడా చూసే ఉంటారు, చెప్పండి."

నన్ను అడిగాడు. నేను చూసింది కూడా అదే. ఆయన అబద్ధమాడడం లేదు. ఆయన గాజులో చూసినప్పుడల్లా కూతురి లెక్క నిజంగానే ఒక వేలు తక్కువుంది. ఆయన కలపడం వల్ల ఆమె తగ్గించింది, ఆమె తగ్గించడం వల్ల ఆయన కలిపాడు. మూడేళ్ళు ఇద్దరూ ఒకరినొకరు సరిదిద్దుకుంటూ, ఒకరికొకరు చెప్పకుండా గెలుస్తూ వచ్చారు. ఇంత గడుసు ముడి నా జన్మలో విప్పలేదు.

"కలుపుతావని తెలిసే... తగ్గించా," అంది గురి.

ఆయన ర్యాంపు మూతిని అరచేత్తో నిమిరాడు. "మొదటి ఏడాది నీకు ఒక్కటీ తగిలేది కాదు. వరండాలో ఆడి ఆడి ఏడ్చేదానివి. ఒకరోజు కిటికీ అద్దంలో కనిపించింది, వేలెడు కలిపాను. తగిలింది. నువ్వు నవ్వావ్. దానికోసమే చేశాను తల్లీ. తర్వాత ఏ హాలుకెళ్ళినా ఒక గాజు వెతుక్కునేవాణ్ణి," అన్నాడు.

"రెండో ఏడాదికి... నేర్చుకున్నా. నువ్వు... ఆపలేదు."

"మరి చెప్పొచ్చుగా!"

గురి చాలాసేపు తీసుకుంది. మాట రాక కాదు. "నీకు... సంతోషంగా ఉండేది."

కూతురు గెలిచినప్పుడల్లా ఇంటికెళ్ళి తలుపేసుకుని తనే గెలిచినట్టు మురిసిపోయిన మనిషి డ్రైవర్ గారు. ఆ గెలుపుల్లో తన వాటా వేలెడు కూడా లేదని, ఉన్నదల్లా కూతురు ప్రేమగా తనకోసం వదిలిన జాగా అని, హాలు నడిబొడ్డున, మైదానానికి వీపు పెట్టి తెలుసుకున్నాడు. చూడలేక నేను తల దించుకున్నాను.

"అక్కా," అంది గురి. "ఆట అయ్యాక... అద్దం సంగతి రాయి. కాగితం మీద."

"పిచ్చిదానా, రాస్తే గెలిచినవన్నీ పోతాయే! చోటూ పోతుంది," అన్నాను. నన్ను కూడా ఈ హాల్లోంచి గెంటేస్తారన్న ముక్క మింగేశాను. అది నేను పడాల్సిందే.

"పోనీ. దేశం ఆటల్లో... గాజు ఉండదు. నాకు... నేనే ఆడానని... ఒక్క రౌండు కావాలి." తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా. కళ్ళు మూసుకో."

ఆయన మూసుకున్నాడు.

నాలుగో రౌండు నేను రిఫరీగా చూడలేదు, ఊపిరి బిగబట్టి చూశాను. డ్రైవర్ గారు గడ్డం గుండెకి ఆనించుకుని, రెప్పలు బిగించి, గుడ్డివాడిలా వేళ్ళతో ర్యాంపు మూతిని తడుముకుంటున్నాడు. గురి "ఎడమ ఒకటి" అంటే ఒక వేలు. "కుడి మూడు" అంటే మూడు. ఇసుమంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను ప్రతిసారీ కంటితో కొలిచాను. ప్రతిసారీ గురి చెప్పింది పూర్తి లెక్కే. ఎర్రవి ఒక్కొక్కటే వెళ్ళి తెల్లదాని చుట్టూ చేరుతున్నాయి, మాస్టారు ఒక్కొక్కటే పక్కకి నెడుతున్నాడు. "అమ్మాయ్, ఇంత బాగా ఇంతవరకూ ఆడలేదు నువ్వు!" అన్నాడు. రూలు ప్రకారం ఆయన మాట్లాడకూడదు. నేను వినలేదనుకున్నాను.

ఐదేసి బంతులు అయ్యాయి. మాస్టారు ఆరోది వదిలాడు. అది ఎర్ర బంతులను చెదరగొట్టి, తెల్లదానికి జానెడు దూరంలో నిలిచింది. ఇంక మిగిలింది గురి ఆఖరి బంతి. గెలవాలంటే తెల్లదానికి ఆ జానెడు లోపల ఆగాలి. గడియారంలో పది క్షణాలు.

నేను కొలిచాను. ఎడమకి మూడు వేళ్ళు. గురి పెదవులు కూడా "మూ" అని కూడుకోవడం చూశాను.

సరిగ్గా అప్పుడే హాలు బయట రోడ్డు మీద ఒక బస్సు పెద్దగా హారన్ కొట్టింది.

ఇరవయ్యారేళ్ళ అలవాటు. డ్రైవర్ గారి తల చటుక్కున లేచి కుడివైపు పైకి తిరిగింది. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునే ఉన్నాయి, నేను ప్రమాణం చేసి చెబుతాను. కానీ గురికి కనిపించింది లేచిన తల. మూడేళ్ళుగా ఆ తల లేచినప్పుడల్లా ఏం చెప్పిందో ఆమె నాలుక అదే చెప్పింది.

"ఎడమ... రెండు."

చెప్పాక ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఆయన వేళ్ళు అప్పటికే జరిగిపోయాయి. ఒకటి. రెండు. ఆగాయి. మూడో వేలు ర్యాంపుని అంటుకుని ఉంది, కదల్లేదు. మాట ఇచ్చాడు, నిలబడ్డాడు. గడియారంలో రెండు క్షణాలు. ఇంకో మాట ఆమె నోటి నుంచి రావడానికి ఆ రెండూ చాలవు. గురి తల ఎత్తింది. బంతి జారింది.

ఆ హాల్లో ఆ బంతి ఎక్కడికి వెళ్తుందో దొర్లకముందే తెలిసినవాళ్ళం ఇద్దరమే. అది ఎడమకి వంగకుండా పోయి, ఒక ఎర్ర బంతిని రాసుకుని, దారి మార్చుకుని, వేగం తగ్గి, తెల్లదానికి జానెడు ఇవతల ఆగింది. నీలం అటువైపు జానెడు, ఎర్ర ఇటువైపు జానెడు. కంటికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

కొలవాల్సింది నేను. మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగాను. టేపు కొస తెల్లబంతిని తగలబోయింది, వెనక్కి తీశాను.

"టైలరమ్మా," అన్నాడు వెనకనుంచి డ్రైవర్ గారు. కళ్ళు మూసుకునే ఉన్నాడు, ముఖం వెలిగిపోతోంది. "నేను కలపలేదమ్మా. సరిగ్గా రెండే. తగిలిందా? తల్లీ, తగిలిందా?"

నేను గురి వైపు చూశాను. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి రాదు. తల అడ్డంగా ఊపింది, తను ఒకటి తగ్గించిందని చెప్పొద్దని. తర్వాత తండ్రితో, నేనెన్నడూ వినని మెత్తటి గొంతుతో అంది.

"నాన్నా... కళ్ళు... అప్పుడే తెరవకు."